బెజవాడ కొండలు – తెలుగు వ్రాత



పర్వతమును జూడగనే మనవారికి దైవము స్ఫురించును. శిఖరముపై గోపురమో, పాదమున గుండమో యుండక తప్పదు. ఆ భక్తి నాకును గలదు. అయితే ముప్పదియైదేండ్లు బడిలో పిల్లలచే నక్షరములు దిద్దించిన వాడనగుటచే, కొండను గాంచినపుడెల్ల దానిపై వ్రాత యేమైన నున్నదా యని వెదకుట నాకలవాటు. నేడు బెజవాడ నగరమును గూర్చియు, దానిని జుట్టియున్న కొండలను గూర్చియు ఆ దృష్టితోనే మనవి చేసెదను.

మాది మంజీరా పరిసరములందలి బాన్సువాడ. మా యూరి పేరునను, ఆ నగరము పేరునను 'వాడ' యున్నది. అంతకు మించిన పోలిక లేదు. మాది చిన్న పట్టణము. అది 2011 లెక్కలనాటికే పదిలక్షలకు పైబడిన జనముతో కృష్ణాతీరమున వెలసిన మహానగరము. ఆ పెద్దరికము నిన్న మొన్న వచ్చినది కాదు. తూర్పుచాళుక్య ప్రభువగు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని అద్దంకి శాసనము క్రీ.శ. 848 ప్రాంతమునాటిది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు పరిష్కరించిన ఆ శాసనమున, పండరంగడు కందుకూరును బెజవాడగా జేసెనని ప్రశంస గలదు. ఒక యూరి యున్నతిని జెప్పుటకు బెజవాడ నుపమానముగా దెచ్చిరన్న, ఆనాటికే యది యెంతటి పట్టణమై యుండవలెనో యూహింపుడు.

హైదరాబాదు నుండి వరంగల్లు మీదుగా బెజవాడకు బోవు రైలుమార్గము నిజాము కాలమున 1889లో పూర్తియైనది. నేనును ఆ దారినే పోయితిని. నగరము సమీపించినకొలది తూర్పుకనుమల పాయలగు కొండలు కానవచ్చును. ఇవి మిక్కిలి యెత్తైనవి కావు. అయినను ఉత్తరపుటొడ్డున ఇంద్రకీలాద్రియు, దక్షిణపుటొడ్డున సీతానగరపు కొండయు నదిని నడుమ నిఱికించి, వాకిటి ద్వారబంధముల వలె నిలిచినవి. అర్జునుడు పాశుపతమునకై తపమొనర్చిన కొండ యిదియేయనియు, విజయుని పేరనే విజయవాడ యయ్యెననియు స్థలపురాణము చెప్పును.

అమ్మవారి దర్శనమునకై జనము బారులు తీరియుండిరి. కనకదుర్గమ్మకు మ్రొక్కి, మల్లేశ్వరాలయమునకు సంబంధించిన శాసనస్తంభము నొద్ద నిలిచి యక్షరములు పోల్చుకొనుచుండగా నొక యువకుడు వచ్చి, "తాతగారూ, ఇదే దేవుడండీ?" యని యడిగెను. "దేవుడు కాదు నాయనా, పద్యము" అంటిని. ఆతడు నవ్వి, ఱాతికి నమస్కరించి పోయెను. ఆ నమస్కారము తగినదే యని నా తలంపు.

ఆ స్తంభముపై నున్నది యుద్ధమల్లుని శాసనము. జయంతి రామయ్య పంతులుగారు దీనిని పరిష్కరించి ప్రకటించిరి. ఇది 10వ శతాబ్ది తొలిభాగమునాటిదని పలువురి నిర్ణయము. కుమారస్వామికి గుడియు, మఠమును గట్టించిన సంగతియు, ఆ మఠమున గొరగలను శైవతపస్వులు దక్క నితరులు విడియరాదను కట్టడియు నిందు గలవు. ఆ కట్టడిని వచనమున గాక మధ్యాక్కరలలో జెక్కించిరి. మధ్యాక్కర పాదమున రెండింద్రగణములు, నొక సూర్యగణము, మరల రెండింద్రగణములు, నొక సూర్యగణము నుండును. ఒక మఠపు నియమమును పదుగురకు దెలుపుటకై పద్యమును వాడిరనిన, పద్యము నాటి జనులకు గొత్తది కాదన్నమాట.

మా గురువులు నన్నయభట్టారకుని ఆదికవి యని నేర్పిరి. నేనును శిష్యులకట్లే నేర్పితిని. 11వ శతాబ్దిని రాజరాజనరేంద్రుని కొలువున మహాభారతమును దెనిగింపబూనిన యా మహనీయునకు ఆ పట్టము దగును. అయినను కావ్యము ఆకాశము నుండి యూడిపడదు. నన్నయకు నూరేండ్ల ముందే తెలుగున నక్కరలు నడచుచుండెననుటకు ఈ ఱాయి సాక్షి. ఆయన భారతమున మధ్యాక్కరలు విరివిగా నుండుట కిదియే పూర్వరంగము.

కొండలు వ్రాతకే గాక వాసమునకును పనికివచ్చినవి. మొగల్రాజపురమున గుహాలయములున్నవి. ఏటి కావలి యుండవల్లిలో నాలుగంతస్తుల గుహయు, నందు శయనించిన మహావిష్ణువును గలరు. ఇంద్రకీలాద్రి పాదమందలి గుహలు ప్రాచీనములే యైనను, గోల్కొండ తానాషా మంత్రులగు అక్కన్న మాదన్నల పేర జనులు వానిని బిలుచుచున్నారు.

ఆ కొండలే యన్నమును బెట్టినవి. 1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు పీల్చి పిప్పిచేసెను. అటుపిమ్మట కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1852 మొదలు 1855 వఱకు కృష్ణ కడ్డముగా నానకట్ట గట్టిరి. దానికి ఱాయి నిచ్చినవి దరినున్న కొండలే. 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజి ఆ తావుననే యున్నది. 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీటితో బ్రదుకు మా సీమవారికి ఆనకట్ట విలువ వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఇంత యిచ్చిన కొండలకు మనమేమి యిచ్చుచున్నాము? బెజవాడలో గృహములు కొండకొమ్ముల దనుక బ్రాకినవి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురమున చరియలు విఱిగిపడి ప్రాణములు పోయినవి. మా తెలంగాణమున గ్రానైటు కొఱకు గుట్టలు కరగిపోవుచున్నవి. కరీంనగరు ప్రాంతమందలి కుర్క్యాల బొమ్మలగుట్టపై, కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన తెలుగు కందపద్యములు మూడు గలవు. అవియు 10వ శతాబ్దివే. కృష్ణాతీరమున నక్కర, గోదావరీ మండలమున గందము, రెండును నొకే శతాబ్దిని కొండఱాతిపైననే నిలిచినవి. తెలుగువారి తొలి పొత్తములు తాళపత్రములు గావు, కొండలని నేననుట యందులకే. ఆకు చినిగిన మఱియొక ప్రతి దొరకవచ్చును. గుట్ట పిండియైన దానికి ప్రతి లేదు.

కావున ఉపాధ్యాయులకు నా విన్నపమొక్కటి. మీ పిల్లలను బెజవాడకు గొనిపోయినపుడు అమ్మవారి ప్రసాదముతోపాటు ఆ స్తంభముపై నొక యక్షరమునైన జూపుడు. మీ యూరి గుట్టపై వ్రాత యేమైన నున్న, దానికి సున్నము గొట్టకుండ, సమ్మెట పడకుండ కాపాడుడు. చదువు నేర్చిన వారిపై నున్న ఋణమిది.