పులసా? రొయ్యా?

బెంగాలీల సంవత్సరాది ఏప్రిల్ నడిమధ్యన వస్తుంది. ఆ ఉదయం కలకత్తా మైదానంలో ఫుట్‌బాల్ క్లబ్బుల వాళ్లు గోలు పోస్టుకి పూజ చేస్తారు. వేళాకోళం కాదండీ, నిజంగానే! పురోహితుడు వచ్చి, పూలదండ వేసి, మంత్రాలు చదువుతాడు. మనం దసరాకి కుట్టుమిషనుకీ, కారుకీ బొట్టు పెట్టడం లేదూ, అలాగే. దాన్ని ‘బార్ పూజొ’ అంటారు. అక్కడితో కొత్త సీజను మొదలైనట్టు లెక్క.

అభిమానికి అసలు పరీక్ష మాత్రం ఆ తర్వాత, మొదటి నాలుగైదు ఆటల్లో ఉంటుంది. లీగు అంటే నెలల తరబడి సాగే జమాఖర్చు. ఆరంభంలోనే ఏ చిన్న జట్టు చేతిలోనో ఓ పాయింటు జారిపోయిందంటే ఆ లోటు చివరిదాకా పీడిస్తుంది. ఒకటో తారీకున జీతంలోంచి ఓ నోటు ఎటో పోతే నెలాఖరుకి ఆ నొప్పి ఎలాంటిదో మనకి ఒకరు చెప్పాలా?

ఈ పిచ్చి నిన్న మొన్నటిది కాదు. మోహన్ బగాన్ క్లబ్బు 1889లో పుట్టింది. 1911 జులై 29న ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో ఆ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అనే తెల్ల సైనికుల జట్టుని 2-1తో ఓడించింది. మనవాళ్లలో ఒక్కడు తప్ప అందరూ ఉత్తికాళ్లతోనే ఆడారు. వచ్చిన జనంలో సగం మందికి ఆట కనపడకపోతే, గాలిపటాలు ఎగరేసి స్కోరు తెలియజేశారట. ఏలేవాణ్ణి ఓ సాయంత్రం పూట బహిరంగంగా ఓడించడమంటే మాటలా!

అయితే తెల్లవాడి మీద గెలిచిన సంబరం ఎంత నిజమో, మనలో మనకి ఉన్న ఎత్తిపొడుపులూ అంతే నిజం. 1920లో జోరాబగాన్ అనే జట్టు మోహన్ బగాన్ మీద ఆడబోతూ శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి పక్కన కూర్చోబెట్టింది. తూర్పు బెంగాల్ వాడని చిన్నచూపు చూశారని చెప్పుకున్నారు. ఆ క్లబ్బు పెద్దల్లో ఒకాయన సురేశ్ చంద్ర చౌధురి. తన మాట చెల్లలేదని అలిగి బయటికి వచ్చేశాడు. అలిగి ఊరుకున్నాడా? ఆగస్టు 1 కల్లా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పెట్టించాడు. ఆ క్లబ్బు 1925లో మొదటిసారిగా లీగు మొదటి డివిజన్‌లో అడుగుపెట్టింది. మే 28న మోహన్ బగాన్‌ని 1-0తో ఓడించి కూచుంది. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు ఇంత పని చేస్తారని ఎవరనుకున్నారు! నేటికీ తెగని తగువు అక్కడే రాజుకుంది.

1947లో దేశం చీలింది. తూర్పు నుంచి లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలేసి కలకత్తా చేరారు. స్టేషన్లలోనూ, శరణార్థి కాలనీల్లోనూ తలదాచుకున్నారు. వాళ్లు విడిచి వచ్చిన గడ్డ పేరు పటం మీద తూర్పు పాకిస్తాన్ అయింది, 1971లో బంగ్లాదేశ్ అయింది. ‘ఈస్ట్ బెంగాల్’ అన్న పేరు ఓ ఫుట్‌బాల్ క్లబ్బు బోర్డు మీద మిగిలింది. ఊరు పోయినవాడికి ఆ జట్టు గెలుపు ఏమిటో, ఊరున్నవాళ్లకి పూర్తిగా అర్థం కాదనుకుంటాను.

ఇక వంటింట్లోకి వద్దాం. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ్ చేప తెస్తారు, మోహన్ బగాన్ గెలిస్తే పెద్ద రొయ్యలు. ఇలిశ్ అంటే మన పులసేనండీ! పుస్తెలమ్మైనా తినాలని మన గోదావరి వాళ్లు చెప్పుకునే పులస. లీగు సాగేదీ వానాకాలమే, ఆ చేప వచ్చేదీ వానాకాలమే, కనక సరిపోయింది. ఆట మర్నాడు గెలిచిన పక్షం చేప ధర మార్కెట్లో ఎక్కి కూచుంటుందని చెబుతారు. అన్నట్టు, ఆడేది ఇరవై ఇద్దరు, చూసేది లక్ష మంది, ఆ పొలుసు గీకి ముక్కలు కోసేది మాత్రం ఇంట్లో ఒక్కతే. కోడలిది తూర్పు, అత్తగారిది పడమర అయితే ఆ ఇంటి సంగతి ఇంక చెప్పక్కర్లేదు.

మన సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1961లో ఆయన కెప్టెన్‌గా ఉండగా ఆ జట్టు లీగు గెలిచింది. రోమ్ ఒలింపిక్స్ ఆడి వచ్చిన ఆ మనిషి తర్వాత బెంగాల్‌లోనే స్థిరపడిపోయాడు. 2023లో అక్కడే కన్నుమూశాడు.

అభిమానం చేదెక్కిన రోజులూ ఉన్నాయి. 1975 షీల్డు ఫైనల్లో మోహన్ బగాన్ 5-0తో ఓడిపోతే ఓ కుర్రాడు ప్రాణం తీసుకున్నాడు. వచ్చే జన్మలో ఆ జట్టు ఆటగాడిగా పుట్టి పగ తీర్చుకుంటానని చీటీ రాసి మరీ పోయాడంటారు. ఆ తల్లిని తలుచుకుంటే నాకు ఆ చీటీలో గొప్ప ఏమీ కనపడదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో రెండు జట్ల లీగు మ్యాచ్ జరుగుతుండగా గాలరీల్లో కొట్లాట రేగింది. తొక్కిసలాటలో 16 మంది చచ్చిపోయారు. ఆట చూసి వస్తానని ఇంట్లో చెప్పి వెళ్లినవాళ్లే అందరూ. ఏటా ఆ తేదీన అక్కడ రక్తదాన శిబిరాలు పెడతారు.

ఇన్నేళ్లలో ఈ రెండు పక్షాలూ ఒక్కమాట మీద నిలబడ్డాయంటే మీరు నమ్మరు. 2024 ఆగస్టులో ఆర్.జి. కర్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు పిల్లని చెరిచి చంపేశారు. ఆ నెల 18న సీజను తొలి టోర్నమెంటయిన డ్యూరాండ్ కప్పులో ఈ రెండు జట్లూ తలపడాలి. భద్రత కుదరదని అధికారులు ఆట రద్దు చేశారు. ఆట లేకపోయినా అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియం దగ్గరికి వచ్చారు. ఎరుపు-పసుపు చొక్కాలూ, ఆకుపచ్చ-మెరూన్ చొక్కాలూ కలిసిపోయాయి. మహమ్మడన్ స్పోర్టింగ్ వాళ్లూ వచ్చి చేరారు. పోలీసులు లాఠీలు ఝళిపించారు. అయినా ఆ పిల్లకి న్యాయం కావాలని అరుస్తూనే ఉన్నారు, భుజాలు రాసుకుంటూ.