చిల్లికాణీ

తుళ్లూరులో మా అమ్మమ్మ పోయాక ఆవిడ పెట్టెలోంచి నా వాటాకి ఒక చిల్లికాణీ వచ్చింది. వేళాకోళానికి అనడం లేదు. నడుమ గుండ్రటి చిల్లు, పక్కన 1943. పిల్లల మొలతాడుకి గుచ్చడానికి అలా చేశారు కాబోలని చిన్నప్పుడు అనుకునేదాన్ని. తీరా చూస్తే అది యుద్ధం చేసిన చిల్లు! అంతకుముందు కాణీ దాదాపు ఐదు గ్రాములు, ఇది రెండే. లోహం యుద్ధానికి కావలసి వచ్చింది. రూపాయి గతీ అంతే. పన్నెండింట పదకొండు పాళ్లున్న వెండిని 1940లో సగానికి దించేశారు.

ఇంతకీ ఆ యుద్ధం ఎవరిది? 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మనవాళ్లనెవరినీ అడక్కుండానే మనల్ని అందులోకి దింపాడు. మన సిపాయిలు ఉత్తర ఆఫ్రికాకీ, మలయాకీ వెళ్లారు. మరి మన తీరానికి కాపలా? 1942 మార్చి 8న రంగూను పడిపోయింది. నెల తిరక్కుండా ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం మూటాముల్లే సర్దుకుని మా గుంటూరొచ్చి తలదాచుకుంది. రంగూనులో కోరంగీలనిపించుకున్న మన కూలీలు ఎందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇంటిదారి పట్టారు. ఆ దారుల్లో రాలిపోయినవాళ్లు వేలమంది. బర్మా నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా వచ్చే బియ్యమూ ఆగిపోయింది.

డబ్బు సంగతి మరీ చిత్రం. ఖర్చులో పెద్ద భాగం బ్రిటన్ భరిస్తానంది. భరించిందెలాగంటారు? లండన్‌లో మన పేర పౌన్ల కాగితాలు రాసిపెట్టింది, వాటి పూచీ మీద ఇక్కడ నోట్లు అచ్చయ్యాయి. 1939లో సుమారు 180 కోట్ల రూపాయల నోట్లుంటే, 1945కి అవి 1,100 కోట్లు దాటాయి. సరుకు మాత్రం అంతలా పెరగలేదుగా! యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ మనకి పడ్డ బాకీ దాదాపు 130 కోట్ల పౌన్లు. అంత అప్పిచ్చిన షావుకార్లం మనమేనంటే మా అమ్మమ్మ నమ్మేది కాదు.

"షావుకార్లమా! మీ తాతయ్య పత్తి అమ్మి తెచ్చిన నోట్లు చేతినిండా ఉండేవే అమ్మాయ్, కొట్లో గుడ్డ ఉండేది కాదు" అనేది. చివరికి ఆ నోట్లతో ఏం కొన్నావని ఒకసారి అడిగాను.

"మీ అమ్మ పుట్టినప్పుడు పొత్తిళ్లకి రెండు గజాల కంట్రోలు గుడ్డ. పొద్దుటినుంచీ వరసలో నిలబడితే దొరికింది" అంది.

మిగిలిన చిల్లర ఈ కాణీ.