ఒక్క యంత్రము, పెక్కుమంది వినియోగదారులు



చెరువు ఒక్కటియే, ఆయకట్టు రైతులు పెక్కుమంది. నీరటికాడు తూము నెత్తి వంతు తప్పక నీరు పెట్టినచో అందరి చేలును పండును. వంతు లెక్క చెడినచో నిండుచెరువు క్రిందనే తగవులు పుట్టును. ఒక కంప్యూటరును పలువురు పంచుకొను విధానమునకును ఇదియే ధర్మము. నేడు పాఠశాలలకును, గ్రంథాలయములకును ఇట్టి యంత్రములు వచ్చుచున్నవి. కొనుగోలు పత్రములపై చేవ్రాలు చేయువారు మీవంటి పెద్దలు. కావున దీని పూర్వకథను, అందలి లెక్కను మనవి చేయుదును.

ఆదిలో కంప్యూటరు గది యంతటిది. వెల సామాన్యుల కందనిది. ఒకని పని ముగిసినగాని మరియొకని పని మొదలు కాకుండెను. 1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఫెర్నాండో కార్బటో అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి క్రొత్త పద్ధతి నొకదానిని ప్రదర్శించెను. అందు యంత్రము తన కాలమును మిక్కిలి చిన్న తునకలుగా ఖండించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క తునక చొప్పున మరల మరల ఇచ్చుచుండును. వేగము మెండగుటచే ప్రతివాడును యంత్రము తన యొక్కనికే ఊడిగము చేయుచున్నదని తలచును. 1969లో పుట్టిన యూనిక్స్ కూడ ఈ త్రోవనే నడచినది.

పిదప 1981లో ఐ.బి.యం. సంస్థ బల్లమీద నిలుచు చిన్న కంప్యూటరును వెలువరించెను. మనిషికొక యంత్రమను మాట వ్యాపించెను. కాని నూరు యంత్రములున్న కార్యాలయమున నూరింటిని వేర్వేరుగ చక్కదిద్దుట ఎంత శ్రమయో యోచింపుడు! మరల పాత ఉపాయమే కావలసి వచ్చెను. ఐ.బి.యం. కొలువు విడిచిన ఎడ్ యాకొబూచి 1989లో సిట్రిక్స్ సంస్థను స్థాపించెను. ఆ సంస్థ మైక్రోసాఫ్టు వారి అనుమతితో విండోస్ ఎన్.టి.ని మార్చి, పలువురు ఒకేసారి వాడుకొనదగిన విన్‌ఫ్రేమును 1995లో వెలువరించెను. 1997లో మైక్రోసాఫ్టువారు ఆ విద్యను సిట్రిక్స్ నుండి ఒప్పందముపై గైకొని, 1998లో తమ టెర్మినల్ సర్వరును విడుదల చేసిరి. వంట యంతయు పెద్ద వంటశాలలోనే జరుగును. విస్తరి మాత్రము మీ ముందునకు వచ్చును. అట్లే పని యంతయు సర్వరులో జరుగును; తెరమీది బొమ్మ మాత్రము దూరమున నున్నవానికి చేరును.

ఇచ్చటనే లైసెన్సుల ప్రశ్న పుట్టినది. సర్వరును కొనుట వేరు. దానిని పలువురు వాడుకొను హక్కు వేరు. విండోస్ 2000 సర్వరులో నిర్వహణకై ఇద్దరు వేరు రుసుము లేకయే ప్రవేశింపవచ్చును. తక్కినవారు పని చేయుటకు వేరుగ అనుమతులు కొని, లైసెన్సు సర్వరులో నమోదు చేయవలెను. 2003 నాటి సర్వరులో ఈ ఏర్పాటు ముగించుకొనుటకు 120 దినముల గడువు నిచ్చిరి. పరికరమునకొక అనుమతియా, వ్యక్తికొక అనుమతియా అను ఎంపికయు ఆనాడే వచ్చినది. 2009లో ఈ సేవకు రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అని పేరు మార్చిరి.

ఈ ఎంపికలోనే ధనము నిలుచుటయు, పోవుటయు గలదు. పాఠశాలలో 10 బల్లలపై 40 మంది బాలురు వంతులవారీగ కూర్చుందురనుకొనుడు. పరికరముల లెక్కన 10 అనుమతులు చాలును. వ్యక్తుల లెక్కన 40 కావలెను. ఒక్క అధికారి ఇంటను, కచేరిలోను, ప్రయాణమునను మూడు యంత్రములు వాడునేని వ్యక్తి లెక్కయే లాభము. సర్వరును చేరుటకు వలయు సామాన్య అనుమతి వేరు. ఈ దూరతెర అనుమతి వేరు. రెండును కావలెను.

నేనెరిగిన యొక పాఠశాలలో విక్రేత ఈ సంగతి చెప్పకయే సర్వరును నిలిపి వెడలిపోయెను. గడువు తీరిన మరునాడు బాలురకు తలుపు మూతపడినది. పరీక్షలు దగ్గరపడిన దినములవి! యంత్రము చెడలేదు, లెక్క చెడినది.

2008 నాటి సర్వరు వ్యక్తుల లెక్కను నమోదు చేయునేగాని, మితిమీరినను అడ్డగింపదు. అడ్డు లేదని అప్పు తీరునా? కావలి లేనిచోట ధర్మమే కావలి.

కావున కొనుటకు ముందే తలలను, బల్లలను లెక్కింపుడు. లైసెన్సు సర్వరును నిలిపిరా, అనుమతులను అందు చేర్చిరా, ఏ లెక్కను ఎంచిరి, దానిని ప్రధాన సర్వరునకు తెలిపిరా అని వరుసగ అడుగుడు. ధనము చాలనిచో 1991లో పుట్టిన లినక్స్ కలదు. అందు తలకొక రుసుము లేకయే పలువురు ఒక యంత్రమును పంచుకొనవచ్చును. ఏ మార్గమైనను, పంచుకొను వస్తువునకు నిజమైన లెక్కయే గట్టు. గట్టు నిలిచిననే నీరు నిలుచును.