బహుచీలికల వ్యతికరణం: చీకటి పట్టీల చరిత్ర

కళాశాల భౌతికశాస్త్ర పాఠ్యక్రమంలో కాంతి వ్యతికరణం జంట చీలికలతో మొదలవుతుంది. థామస్ యంగ్ పేరు, ఒక పటం, వెలుగు పట్టీకి ఒక సూత్రం, చీకటి పట్టీకి ఒక సూత్రం వరుసగా వస్తాయి. గ్రేటింగ్ తరువాతి అధ్యాయంలో, జంట చీలికలకు విస్తరణగా కనిపిస్తుంది. బోధనకు ఈ క్రమం అనుకూలమైనదే కాని, చరిత్ర ఈ క్రమంలో నడవలేదు. అనేక సందులున్న సాధనం ముందు వచ్చింది. రెండు చీలికల పటం తరువాత వచ్చింది. మూడో నాలుగో చీలికలున్నప్పుడు చీకటి ఎక్కడ పడుతుందో లెక్కించి చెప్పగల గణితం వీటన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. వెలుగు పట్టీల స్థానాలు తెలిసిన తరువాత కూడా చీకటి పట్టీల స్థానాలు అంతకాలం తేలకుండా ఎందుకు మిగిలాయన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

1673లో స్కాట్లాండుకు చెందిన జేమ్స్ గ్రెగరీ, చిన్న రంధ్రం గుండా వచ్చిన సూర్యకాంతికి ఒక పక్షి ఈకను అడ్డుపెట్టి, రంగుల మచ్చలు ఏర్పడటాన్ని ఒక లేఖలో వర్ణించాడు. న్యూటన్ దీనిపై ఏమంటాడో తెలుసుకోవాలని కోరాడు. ఆ పరిశీలన అంతటితో ఆగిపోయింది. సుమారు శతాబ్దం తరువాత ఫిలడెల్ఫియాలో ఇదే విషయం మరో రూపంలో తలెత్తింది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకడైన ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ ఒక రాత్రి పట్టు చేతిరుమాలు గుండా వీధి దీపాన్ని చూశాడు. దారాలు పెద్దవై కనిపించినట్లు తోచింది. అయితే రుమాలును పక్కకు జరిపినా ఆ నల్లని గీతలు జరగలేదు. కారణం చెప్పమని ఆయన ఖగోళజ్ఞుడు డేవిడ్ రిటెన్‌హౌస్‌ను అడిగాడు.

రిటెన్‌హౌస్ సమాధానంతో సరిపెట్టుకోక సాధనాన్నే తయారుచేశాడు. రెండు సన్నని ఇత్తడి తీగలపై అంగుళానికి 106 చుట్ల చొప్పున మరలు కోయించి, ఆ గాళ్లలో యాభై అరవై వెంట్రుకలను సమాంతరంగా పరిచాడు. వాటి గుండా చూసినప్పుడు మధ్య గీతకు ఇరువైపులా రంగుల గీతలు కనిపించాయి. నీలం కన్నా ఎరుపు ఎక్కువగా వంగడం, అంటే పట్టకంలో జరిగేదానికి విరుద్ధంగా జరగడం, ఆయనను ఆశ్చర్యపరిచింది. 1786లో ఈ ఫలితాలు అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ ప్రచురణలో వెలువడ్డాయి. కాని ఆయన ఆలోచన న్యూటన్ కణవాదపు చట్రంలోనే ఉండిపోయింది. వెంట్రుకలు కాంతిపై ఏదో బలం చూపుతున్నాయని భావించాడు. వెంట్రుక కాంతిని వంచుతుందంటే రంగుల గీతలకు ఒక కారణం దొరుకుతుంది. నడుమ చీకటి ఎందుకన్న ప్రశ్నకు మాత్రం ఆ వాదంలో చోటులేదు.

ఆ చోటు కల్పించినవాడు యంగ్. 1801 నవంబరులో రాయల్ సొసైటీలో చేసిన ఉపన్యాసంలో ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి, అంగుళంలో అయిదువందలో వంతు దూరంలో గీతలు గీసిన గాజు మైక్రోమీటరు. దానిపై ఎరుపు అత్యంత ప్రకాశవంతంగా కనిపించిన కోణాలు 10¼, 20¾, 32, 45 డిగ్రీలు. వీటి సైన్ విలువలు సుమారు 0.178, 0.354, 0.530, 0.707. అంటే 1, 2, 3, 4 నిష్పత్తి. నేటి విద్యార్థి గ్రేటింగ్ సూత్రంగా నేర్చుకునే నియమం ఇందులో ఉంది. జంట చీలికల పేరుతో స్మరించబడే శాస్త్రవేత్త వెలుగు పట్టీల క్రమాన్ని మొదట అనేక గీతల ఫలకంపై చూపడం గమనించదగినది. 1803లో ఆయన వాడినది కూడా చీలికలు కావు. అంగుళంలో ముప్పయ్యో వంతు వెడల్పున్న అట్టముక్క. దాని ఒక పక్క నుంచి వచ్చే కాంతిని ఆపితే నీడలోని పట్టీలు మాయమయ్యాయి. జంట చీలికల వర్ణన 1807లో అచ్చయిన ఉపన్యాసాల్లో కనిపిస్తుంది. అక్కడ కొలతలేవీ లేనందువల్ల ఆ ప్రయోగం నిజంగా జరిగిందా అని కొందరు చరిత్రకారులు సందేహించారు.

యంగ్ ఆయుధం జతల తర్కం. రెండు కిరణాల పథభేదం పూర్తి తరంగదైర్ఘ్యమైతే వెలుగు, అర్ధ తరంగదైర్ఘ్యమైతే చీకటి. వెలుగు విషయంలో ఈ తర్కం ఎన్ని చీలికలకైనా పనికివస్తుంది. పక్కపక్క చీలికల మధ్య పథభేదం పూర్ణసంఖ్య తరంగదైర్ఘ్యాలైతే అన్నీ ఒకే దశలో కలుస్తాయి. చీకటి దగ్గరే చిక్కు. మూడు చీలికలను తీసుకుంటే, పథభేదం అర్ధ తరంగదైర్ఘ్యమైన చోట రెండు తరంగాలు పరస్పరం రద్దవుతాయి, మూడవది మిగిలిపోతుంది. కనుక అక్కడ చీకటి ఉండదు. ప్రధాన గరిష్ఠ తీవ్రతలో తొమ్మిదో వంతున్న గౌణ గరిష్ఠం ఉంటుంది. అసలు చీకటి పథభేదం మూడో వంతు, మూడింట రెండు వంతులైన చోట పడుతుంది. మూడు సమాన బాణాలు సమబాహు త్రిభుజంగా మూసుకుపోయే స్థితి అది. నాలుగు చీలికలకు పావు, అర, ముప్పావు దగ్గర చీకటి వస్తుంది. సాధారణంగా, రెండు ప్రధాన గరిష్ఠాల మధ్య చీలికల సంఖ్య కన్నా ఒకటి తక్కువగా చీకటి పట్టీలు, రెండు తక్కువగా గౌణ గరిష్ఠాలు ఉంటాయి. జంట చీలికల చీకటి సూత్రాన్ని యథాతథంగా బహుచీలికలకు వర్తింపజేయడం నేటికీ జవాబు పత్రాల్లో కనిపించే పొరపాటు. దానికి మూలం పాఠ్యక్రమంలోని వరుసే అనడం అన్యాయం కాదు.

యోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ 1821లో 260 సమాంతర తీగలతో గ్రేటింగ్ నిర్మించాడు. తరువాత వజ్రంతో గాజుపై గీతలు గీశాడు. వర్ణపటంలోని నల్లని రేఖల తరంగదైర్ఘ్యాలను కొలిచాడు. అయినా అవి కొలతలే. జతలను దాటి అన్ని తరంగాలనూ ఒకేసారి కూడే పద్ధతిని ఫ్రెనెల్ 1818లో ఫ్రెంచి అకాడమీకి సమర్పించిన రచన అందించింది. గ్రేటింగుకు సంబంధించిన పూర్తి గణన జర్మనీలోని స్పేయర్‌లో ఉపాధ్యాయుడైన ఫ్రీడ్రిక్ మాగ్నస్ ష్వెర్డ్ 1835లో ప్రచురించిన గ్రంథంలో వచ్చింది. యంగ్ కొలిచిన కోణాలకూ ఈ గణనకూ మధ్య మూడు దశాబ్దాలకు పైగా గడిచాయి. ష్వెర్డ్ పేరు పాఠ్యగ్రంథాల్లో దాదాపు వినిపించకపోవడం విచారకరం.

చీకటి స్థానం తెలియడం వల్ల కలిగిన ప్రయోజనం చిన్నది కాదు. చీలికలు పెరిగేకొద్దీ వెలుగు పట్టీ స్థానం మారదు. దానికి పక్కనే ఉన్న తొలి చీకటి మాత్రం దగ్గరకు జరుగుతుంది. వెయ్యి చీలికలుంటే పథభేదంలో తరంగదైర్ఘ్యపు వెయ్యో వంతు తేడాకే చీకటి వచ్చేస్తుంది. పట్టీ సన్నబడి గీత అవుతుంది. సోడియం జంట రేఖల తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు, వ్యత్యాసం సుమారు వెయ్యో వంతు. ఒక దాని గరిష్ఠం రెండవ దాని తొలి చీకటిపై పడితే రెండూ విడిగా కనిపిస్తాయన్నది రేలీ ప్రమాణం. అందువల్ల తొలి క్రమంలో వాటిని విడదీయడానికి సుమారు వెయ్యి గీతలు కావాలి. 1880ల్లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రౌలాండ్ యంత్రం అంగుళానికి 14,438 గీతలు గీసే స్థాయికి చేరింది. వర్ణపట శాస్త్రం ఆ సన్నని గీతలపై నిలిచింది.

రెండు నుంచి మొదలై ఒక్కొక్క చీలికనే పెంచే పాఠ్యగ్రంథ క్రమం సుప్రసిద్ధ ప్రయోగరూపం దాల్చింది కాంతితో కాదు, ఎలక్ట్రాన్లతో. 1961లో ట్యూబింగెన్‌కు చెందిన క్లౌస్ యోన్సన్ రాగి రేకులో సూక్ష్మమైన చీలికలు చేసి, రెండు, మూడు, నాలుగు, అయిదు చీలికల పట్టీలను ఫోటో తీసి ప్రచురించాడు. ష్వెర్డ్ కాంతికి వేసిన లెక్క అక్కడ పదార్థ కణాలకు కూడా వర్తించింది.