ట్రాక్టరుకు చుట్టమైన స్పోర్ట్సు కారు

పల్నాటిలోని నకరికల్లు వంటి గ్రామంలో ట్రాక్టరు నీలిపొగ వదులుతూ, నూనె తాగుతూ, బరువు లాగలేకపోతే మెకానిక్కు పరీక్షించి, “లైనర్లు అరిగినవి” అని చెప్పవచ్చును. బ్రిటిషు స్పోర్ట్సు కార్లు డెబ్బది సంవత్సరాల తరువాత కూడ రోడ్డుమీద తిరుగుతున్నవంటే, దానికి ముఖ్య కారణాలలో ఈ లైనరు ఒకటి.

లైనరు అనగా సిలిండరులో అమర్చే ఇనుప గొట్టము. ముషలకము, అనగా పిస్టను, దీనిలోనే పైకి క్రిందికి కదులుతుంది. రాపిడివల్ల గొట్టము అరుగుతుంది. లైనరు లేని ఇంజనులో దిమ్మెనే బోరింగు చేయించి, పెద్ద పిస్టను వేయవలెను. కొన్ని పర్యాయాలు అట్లా చేసేసరికి గోడ పలుచబడి దిమ్మె పనికిరాకుండ పోతుంది. “తడి లైనరు” అట్లా కాదు. దాని చుట్టూ చల్లార్చే నీరు నేరుగా తగులుతూ ఉంటుంది. అరిగిన గొట్టాన్ని ఊడదీసి క్రొత్తది దించితే దిమ్మె చెక్కుచెదరదు.

ఇంగ్లండులోని స్టాండర్డు మోటారు కంపెనీ 1946 నుండి కోవెంట్రీలో ఫెర్గూసన్ ట్రాక్టర్లను తయారుచేసింది. ఆ కంపెనీ తడి లైనర్ల ఇంజను కుటుంబము ఒకవైపు ట్రాక్టరులోను, మరొకవైపు 1947లో ప్రకటించిన వాన్‌గార్డు కారులోను చేరింది. ఆ వాన్‌గార్డు కార్లను మదరాసులో కూడ కూర్చేవారు. 1953 వరకు నకరికల్లు ఆ మదరాసు రాష్ట్రంలోనిదే. స్టాండర్డు కంపెనీ 1944లో కొన్న ట్రయంఫు సంస్థ, 1953లో ఇదే ఇంజనును టి.ఆర్. 2 అనే స్పోర్ట్సు కారుకు వాడింది. ఆ సంవత్సరం మే నెలలో ప్రత్యేకంగా సిద్ధపరచిన ఒక టి.ఆర్. 2 బెల్జియంలోని జాబెక్ రహదారిపై గంటకు 124 మైళ్లకు మించిన వేగం సాధించింది. దుక్కి దున్నే ఇంజనుకు చుట్టమే ఈ పరుగు తీసినది!

విద్యార్థులు ఇక్కడ ఒక లెక్క చేసి చూడవచ్చును. ముషలకము కదిలే దూరము 92 మిల్లీమీటర్లు, సిలిండర్లు నాలుగు. వాన్‌గార్డు లైనరు లోపలి వ్యాసము 85 మిల్లీమీటర్లు. ఘనపరిమాణము 2088 ఘన సెంటీమీటర్లు. టి.ఆర్. 2లో వ్యాసము 83 కాగా ఘనపరిమాణము 1991. 1961లో వచ్చిన టి.ఆర్. 4లో వ్యాసము 86, ఘనపరిమాణము 2138. కదిలే దూరము మారలేదు. గొట్టపు వ్యాసమే మారినది.

యుద్ధానంతరము డాలర్ల కొరతతో బాధపడుతున్న బ్రిటను, ఎగుమతి చేసే కర్మాగారాలకే ఉక్కు కేటాయింపులో ముందు స్థానం ఇచ్చింది. అందుచేత ఈ కార్లలో అధిక భాగము విదేశాలకు, ముఖ్యంగా అమెరికాకు వెళ్లినవి. బండి పోయినచోటికి విడిభాగమూ పోవలెను గదా! 1948లో కాలిఫోర్నియాలో మొదలైన మాస్ సంస్థ వంటివి ఈ వ్యాపారముతోనే పెరిగినవి. కార్ల తయారీ ఆగినా వాటి భాగాల తయారీ ఆగలేదు.

1988వ సంవత్సరము గమనింపదగినది. మదరాసులో స్టాండర్డు కార్ల తయారీ ఆ ఏడు నిలిచిపోయింది. అదే ఏడు ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ, 1980లో ఆగిపోయిన ఎం.జి.బి. స్పోర్ట్సు కారుకు, పాత అచ్చులనే సేకరించి క్రొత్త ఒడలు చేయ నారంభించింది. అచ్చులను తుక్కుకు అమ్మివేసి ఉంటే ఆ పని సాధ్యమయ్యేది కాదు.

యంత్రము అరగడం ప్రకృతి ధర్మము; అరిగిన చోటును మార్చుటకు వీలుగా నిర్మించుట, ఆ కొలతను భద్రపరచుట మానవుని బుద్ధి. పొలములోని ట్రాక్టరుకైనా, ప్రదర్శనశాలలోని కారుకైనా ఆయుష్షు నిర్ణయించేది ఈ రెండే.