మొదటి భాషే తాళంచెవి

ఈస్టిండియా కంపెనీ కొలువుకు వచ్చే కుర్ర దొరలకు ఇక్కడి భాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాల వెలిసింది. ఇన్ని భాషలు నేర్చుకోవడం ఎలా మొదలుపెట్టాలి? దానికి ఒక మంచి దారి ఆ కళాశాలలోనే దొరికింది.

అక్కడి ప్రధాన తెలుగు, సంస్కృత పండితులు పట్టాభిరామశాస్త్రిగారు తెలుగు ధాతువుల పట్టిక కూర్చారు. కళాశాల స్థాపనకు ముఖ్యుడైన ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కనే పేర్చి చూపాడు. ఈ భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, వాటిది ఒకే కుదురనీ వాదించాడు. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణంతోపాటు ఆ వ్యాసం అచ్చయింది. కాల్డ్వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం రావడానికి ఇంకా 40 ఏళ్లుంది. మరుసటి ఏడు, 1817లో, మద్రాసుకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఆ కళాశాలలోనే తెలుగు మొదలుపెట్టాడు.

ఆ పద్ధతి ఈనాటికీ పనికొస్తుంది. మన ‘చెవి’ కన్నడంలో ‘కివి’. మన ‘చెరువు’ అక్కడ ‘కెరె’. మన ‘చిలుక’ తమిళంలో ‘కిళి’. మన ‘చ’ చాలాచోట్ల వాళ్ల ‘క’ అని పసిగడితే, ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిన కుర్రాడికి కొత్త మాటలు సగం తెలిసినవే అనిపిస్తాయి.

కానీ అలా పోల్చి చూడాలంటే ముందు తెలుగు గట్టిగా రావాలి. మన తెలుగు మాస్టార్లు సంధులు, ధాతువులు వల్లె వేయించి మన చేతికిచ్చిన తాళంచెవి అదే. ఈ స్వర్ణోత్సవ వేళ బడికి ఒక్క మనవి: ఇంగ్లీషు బాగా నేర్పండి, హిందీ నేర్పండి, తెలుగు పీరియడు మాత్రం తగ్గించకండి.