ఆదోని కొండలు, ఎమ్మిగనూరు దారి, గేర్లు లేని సైకిల్

1910లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం మొదటిసారి పిరినీస్ పర్వతాల్లోని టూర్మలే కనుమ ఎక్కింది. ఆ ఏడాది విజేత లాపీజ్ అంతటి మొనగాడు కూడా అక్కడ కొంత దూరం సైకిల్ నెట్టుకుంటూ నడిచాడు. గేర్లు మార్చే డెరైలర్‌కు ఆ పందెంలో 1937 దాకా అనుమతే లేదు.

గేర్లు లేకుండా తొక్కే ఆ కష్టం ఆదోని వైపు జనానికి కొత్త కాదు. బారాకిల్లా, తాలీబండ కొండలు మైదానం మీద 800 అడుగుల ఎత్తున నిలుచుంటాయి. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించింది ఈ కొండల మీది ఆదోని కోటనే. సైకిల్ పని మాత్రం కింద, ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్ళే రోడ్డు మీద.

1871లో మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని పత్తికి రెండు రేవులకూ దారి దొరికింది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేతకారుల సహకార సంఘం పెట్టారు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది.

1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ కంపెనీ మొదలయ్యాక సైకిల్ సామాన్యుడికి దగ్గరైంది. వెనక క్యారియర్, దాని మీద పాత ట్యూబుతో బిగించిన పత్తి మూటో బట్టల మూటో, ఎదురుగాలి వస్తే సీటు వదిలి నిలబడి తొక్కడం. యూరప్ రేసర్లు సీజన్ మొదట్లో చదును దారుల మీద రోజుల తరబడి సాధన చేసి, ఆ తర్వాతే కొండలెక్కుతారు. ఇక్కడి కాళ్ళకు ఆ సాధన బతుకుతెరువులోనే దొరికింది. దీన్ని ఆటల చరిత్రలో రాయకపోవడం పెద్ద లోటు.

అప్పట్లో మునిసిపాలిటీలు సైకిళ్ళకు లైసెన్సు బిళ్ళలు ఇచ్చేవి. మీ ఇంటి అటక మీద అలాంటి బిళ్ళ ఉంటే పాత ఇనుముకు వేయకండి, ఆ రోజుల గుర్తుగా దాచిపెట్టండి.